మూలమట్టం బండి ఇన్సూరెన్సు రద్దు చేసిన వైనం

వడ్రంగి పెద్దాయనని అందరూ వెనకాల, మూలలు సరిచూసే పనిముట్టు పేరుతో మూలమట్టం అంటారు, ఎదురుగా మాత్రం తాతా అనో బాబాయ్ అనో అన్నయ్యా అనో పిలుస్తారు. టీ కొట్టు బల్ల మీద కూర్చునే ముందు దాన్ని రెండు చేతులతో ఊపి చూస్తాడు. ఊగితే కూర్చోడు. టేపు పెట్టకుండా కంటితోనే కొలత చెప్పేస్తాడు గానీ, అక్షరాలు మాత్రం ఆయనకి చీమలబారే. అంకెలొచ్చు, సంతకం ఒక బొమ్మలా గీయడం వచ్చు, అంతే. ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే, సొంత అల్లుడు. కరెంటు బిల్లు తలకిందులుగా పట్టుకుని తీరిగ్గా తలాడిస్తున్న మామగారిని చూసి వాడొకసారి నవ్వాడు. చిన్న నవ్వే. ఆ నవ్వుకి ఏడేళ్లుగా వాడితో మాటల్లేవు.

ఈమధ్య మోకాళ్లు అరిగిపోయి మోటార్‌సైకిల్ అమ్మేశాడు. కొన్నది వీధి చివర బట్టలు కుట్టే అమ్మాయి మొగుడు. బండి పోయింది గానీ ఇన్సూరెన్సు ఇంకా ఎనిమిది నెలలుంది. ఉంచాలా, తీసెయ్యాలా? బండి లేని మనిషికి బండి ఇన్సూరెన్సు ఎందుకని, మూడు వారాల కిందట ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్లాడు. కిటికీ దగ్గర పిల్ల ఒక కాగితం చేతిలో పెట్టి "నింపి తీసుకురండి" అంది. గోడవారన బెంచీ మీద దాన్ని ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. "కాస్త చదివి పెట్టమ్మా" అన్న మాట నోటి దాకా వచ్చి పళ్ల వెనకే ఆగిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. అప్పట్నుంచీ ఏ చొక్కా వేసినా అది జేబులోనే ఉంటోంది.

ఆ పూట గుర్తొస్తే చాలు, చెవులు వేడెక్కుతాయి. అందుకే ఒక సాయంత్రం టీ దగ్గర కటింగు షాపతను "బాబాయ్, బండి అమ్మేశావుగా, మరి ఇన్సూరెన్సు ఏం చేశావ్?" అనగానే, ముందూ వెనకా చూడకుండా నోరు తెరిచాడు.

"ఏం చెయ్యడమేంట్రా? రద్దు చేసి పారేశా."

"అంత తేలిగ్గా చేస్తారా? మా బావ ఆరుసార్లు తిరిగాడు," అన్నాడు వ్యాను డ్రైవరు.

"మీ బావ వెళ్లినట్టు వెళ్తే పన్లవుతాయా? నేను నేరుగా కిటికీ దగ్గరికెళ్లా. చెయ్యి ఆనించానో లేదో బల్ల టకటకా ఊగింది. 'అమ్మాయ్, నీ బల్లకి ఎడంకాలు రెండు నూళ్లు పొట్టి' అన్నా. నూలంటే ఎంతో ఆ పిల్లకేం తెలుసు, అంగుళంలో ఎనిమిదో వంతు అని చెప్పా. స్కేలు తెచ్చి కొలిచింది. ఎంతుందంటావ్?"

"రెండు నూళ్లే అయ్యుంటుందిలే అన్నయ్యా," అంది టీ కొట్టామె, గ్లాసులు కడుగుతూ.

"రెండంటే రెండే! వెంట్రుకవాసి తేడా లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పిల్ల పరిగెత్తుకెళ్లి మేనేజర్ని పిలుచుకొచ్చింది. ఆయన నా పేరు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పేరు చూశాడు, దబ్బున కుర్చీలో కూలబడ్డాడు. 'అయ్యా, ఇరవై రెండేళ్లుగా బండి మీద గీత పడకుండా, ఒక్కసారీ మా గుమ్మం తొక్కకుండా నడిపిన మనిషి మా పుస్తకం మొత్తంలో మీరొక్కరే, మిమ్మల్ని చూసుకునే మిగతావాళ్లందరికీ ధైర్యంగా ఇన్సూరెన్సు ఇస్తున్నాం, మీరు తప్పుకుంటే దూలం లాగేసిన ఇల్లయిపోతాం' అన్నాడు."

"మేనేజరుకి దూలాల సంగతి కూడా తెలుసా బాబాయ్?"

"నా పక్కన రెండు నిమిషాలు నించుంటే ఎవడికైనా తెలుస్తుంది. మధ్యలో అడ్డం రాకు."

చెప్తుంటే చెవుల వేడి కొద్దిగా దిగినట్టనిపించింది. ఇంకొంచెం చెప్తే ఇంకొంచెం దిగుతుందేమో.

"మేనేజరు పైవాడికి ఫోన్ చేశాడు, పైవాడు ఆ పైవాడికి చేశాడు, అలా పైకి పోయి పోయి ఎక్కడాగిందో నాకే తెలీదు, పావుగంట తిరక్కుండా మేడ మీద ఒకటే చప్పుడు, కాగితాలన్నీ గాల్లోకి లేచిపోయాయి, ఏంటా అని పైకెళ్లి చూద్దును గదా, హెలికాప్టరు!"

వ్యాను డ్రైవరుకి పొలమారింది.

"అందులోంచి దిగినాయన ఆకులా వణికిపోతున్నాడు. ఏం నాయనా అంటే, 'దారంతా ఊపేసిందండీ' అన్నాడు. నేను ఒక కన్ను మూసి చూశా. నాలుగు రెక్కల్లో ఒకదానికి నూలు మందం ఎక్కువ! అంతమంది ఇంజినీర్లున్నారు, ఒక్కడికీ కనపళ్లేదు చూడు. వెంటనే చిత్రిక తెప్పించి, అది తిరుగుతుండగానే..."

"తిరుగుతుండగానే?"

"ఆపితే మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో ఎవడికి తెలుసు! తిరుగుతుండగానే రెండు తోపులు తోశా. ఆ పొట్టు ఎగిరెగిరి మూడు వీధుల అవతల పడింది."

"హెలికాప్టరు రెక్కలు చెక్కవా బాబాయ్?"

"నేను చిత్రిక పడితే చెక్కే అవుతాయి! ఇక ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఒకటే ఏడుపు. 'మీకేం కావాలన్నా అడగండి, కంపెనీ మీ పేర రాసిస్తాం, రద్దు మాత్రం అడక్కండి' అన్నాడు. నేను కరిగితేగా! 'బండి లేదు, బీమా వద్దు' అన్నా. పాపం, ముద్ర వెయ్యాల్సినవాడి చెయ్యి లేవలేదు. నలుగురు పట్టి లేపారు. వేశారు చూడు దెబ్బ! మూడంతస్తుల్లో లైట్లారిపోయాయి. ఊళ్లో గడియారాలన్నీ ఐదు నిమిషాలు వెనక్కెళ్లిపోయాయి. ఇదిగో, ఈ కొట్టు గడియారం చూడు, ఇంకా వెనకే ఉంది."

"అది కొన్నప్పట్నుంచీ వెనకే అన్నయ్యా," అంది టీ కొట్టామె, నవ్వాపుకోలేక.

అందరూ నవ్వుతుంటే ఆయన వెనక ఏదో కిందపడి దొర్లింది. ఫ్లాస్కు మూత. తిరిగి చూస్తే బట్టలు కుట్టే అమ్మాయి. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయి వచ్చినట్టుంది. ఎంతసేపట్నుంచి అక్కడ నించుందో.

"రద్దు చేసేశారా తాతా?"

ఆయన గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు.

"నిన్న పొద్దున మలుపు దగ్గర మా ఆయన ఒక ముసలాయన్ని గుద్దేశాడు. కాలు విరిగింది. ఆస్పత్రి నుంచే వస్తున్నా. పేరు మార్పు కాగితాలు ఇంకా కదల్లేదు, బండీ ఇన్సూరెన్సూ రెండూ మీ పేరు మీదే ఉన్నాయి. ఇన్సూరెన్సు బతికుంటే ఆయన వైద్యానికి వాళ్లే ఇస్తారంట. లేకపోతే మేం, మీరు..." మెడలో టేపు కొస గట్టిగా పట్టుకుంది. "ఏ రోజు రద్దు చేశారు తాతా? నిన్నటికి ముందా, తర్వాతా?"

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. నిన్న జరిగిందట. అయితే ఒక్క మాటతో అంతా సర్దుకుంటుంది.

"ఇవాళే అమ్మా. ఇవాళ మధ్యాహ్నమే."

ఆ అమ్మాయి కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. "బతికించారు. అయితే ఆ రద్దు కాగితం ఒకసారి ఇవ్వండి తాతా, తేదీ చూపించాలి."

ఆయన చెయ్యి జేబు మీదకి వెళ్లి అక్కడే ఆగింది. కటింగు షాపతను "ఇటివ్వు బాబాయ్, నేను చూస్తా" అంటూ తనే జేబులోంచి కాగితం తీసి మడత విప్పాడు. ముందు చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు.

"ఇందులో ఏమీ నింపలేదే! పేరు లేదు, సంతకం లేదు. మూడంతస్తుల లైట్లార్పిన ముద్ర ఎక్కడ వేశారు బాబాయ్?"

వ్యాను డ్రైవరు ఫక్కున నవ్వబోయి, ఆ అమ్మాయి మొహం చూసి నోరు మూసుకున్నాడు. ఆమె కాగితం లాక్కుని కిందదాకా చదివింది. పెదాలు కదుపుతూ, ఆఖరి వరసలు రెండుసార్లు చదివింది. తర్వాత తలెత్తి ఆయన్ని చూసిన చూపు వేరుగా ఉంది.

"పేరు మారకముందే రద్దు చెయ్యకూడదని ఇక్కడుంది. చేస్తే నష్టమంతా బండి ఎవరి పేరున ఉందో వాళ్లదేనంట. అదీ సంగతి! మీరు తెలిసే ఆపారు కదా తాతా? మా పేరు మారేదాకా మాకోసం ఉంచేశారు. చేసిన మేలు చెప్పుకోవడం ఇష్టంలేక ఈ హెలికాప్టర్లూ అవీ చెప్తున్నారు."

"అన్నయ్య అంతే. మంచి చేస్తే బయటపడనివ్వడు," అంది టీ కొట్టామె, కొంగుతో కళ్లొత్తుకుంటూ. కటింగు షాపతను కూడా తలూపాడు, ఇందాకటి మాటకి కొంచెం నొచ్చుకున్నట్టు.

పెద్దాయన ఇంతకాలం చెప్పిన కోతల్లో ఇంత బాగా అతికింది ఒక్కటీ లేదు. కీళ్లు కనపడకుండా బిగిసిన తలుపులా ఉంది. పైగా తను చెప్పింది కూడా కాదు, వాళ్లే చేసి తెచ్చి గుమ్మానికి నిలబెట్టారు. ఊఁ అంటే చాలు.

ఆ అమ్మాయి వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోయింది.

"కాదమ్మా," అన్నాడు కాళ్లు వెనక్కి లాక్కుని. గొంతు ఆయనకే వినపడలేదు. మళ్లీ అన్నాడు. "కాదు. నేను రద్దు చేద్దామనే వెళ్లా. మీ సంగతి తలపుకే రాలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో తెలిసుంటే ఆ రోజే పెట్టేసేవాణ్ణి. తెలీలేదు. నాకు చదవడం రాదు."

స్టవ్వు మీద టీ పొంగి మంట మీద పడ్డా టీ కొట్టామె చూడలేదు.

ఆ అమ్మాయి కాగితం మడిచింది. "రేపు పదింటికి ఆఫీసుకి రావాలి తాతా. మీరు లేకపోతే పని జరగదు."

"వస్తా. ఆ కిటికీ దగ్గర పిల్లకి నువ్వు ముందుగా చెప్పెయ్యి, ఈయనకి..." అని, అంతలోనే ఆగిపోయాడు. తల ఎత్తకుండానే అడ్డంగా ఊపాడు.

"వద్దులే. నేనే చెప్తా."