పొరల పెరుగు ఐసు

“అమ్మమ్మా, గీ పొరల పెరుగు ఐసు నీకెవరు నేర్పిన్రు?”

ఎవరు నేర్పుతరే? మీ అత్త నా మాట తప్పు ఇన్నది, గట్ల వచ్చింది. నా మాటలు ఫోన్ల రికార్డు జేస్తున్నవా? మూతి కాడ పెట్టకు, జర దూరం వెట్టు. ఆఁ.

పోయినేడు ఎండకాలం. మీ తాతకు గొంతుల క్యాన్సర్ గడ్డ లేసిందని కరెంటు పెట్టిన్రు గదా, అదే రేడియేషను, నువ్వప్పుడు పరీక్షలల్ల ఉంటివి. నాచారం నుంచి దవాఖానకు రోజు ఆటోల పొయ్యొచ్చుడు. గొంతంత పుండైంది. అన్నం ముట్టడు, జావ ముట్టడు. మాట గూడ బందే, చేత్తోని సైగలు. గిట్లనే ఉంటే ముక్కుల నుంచి పైపు ఏస్తమన్నది డాక్టరమ్మ. వాళ్లన్నకు ఏసినప్పుడు చూసిండు గదా, పైపంటే మస్తు భయం ఆయనకు. నాకు గూడ భయమే, అబద్ధమెందుకు.

ఓ రోజు ఆటోలకెల్లి మీ అత్తకు ఫోన్ జేసిన. “లావణ్యా, మీ మామకు పెరుగు చల్ల జేసి పెట్టు బిడ్డా” అన్న. అది భీమవరం పిల్ల, కోడలై ఏడాది గూడ గాలే. మనం చల్ల అనేదాన్ని వాళ్లు మజ్జిగంటరు. అదేమో చల్లగ జెయ్యమన్ననుకున్నది. పెరుగుల మామిడిపండు గుజ్జు కలిపి, స్టీలు గిలాసల పోసి, తీస్కపోయి డీప్ ఫ్రిజ్జుల పెట్టింది!

ఇంటికొచ్చి చూస్తే రాయి. గిదేందే అంటే, “మీరే కదా అత్తయ్యా, చల్లగా చేసి పెట్టమన్నారు” అన్నది, మొహం చిన్నబుచ్చుకోని. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ గాలే. గింతల మీ తాత గిలాస గుంజుకున్నడు. సర్ది జేస్తదని జన్మల చల్లటిది ముట్టనోడు! చెంచతోని గీకి నాలిక మీద ఏసుకున్నడు, కండ్లు మూసిండు. మళ్ల గీకిండు.

గని నాలుగు చెంచలకే చాలని చెయ్యూపేటోడు. ఒక్కటే రుచైతే మొహం మొత్తుతది గదా. అందుకే పొరలు పోద్దామనుకున్నం, నేను, మీ అత్త. పెరుగు, దాని మీద మామిడి, మళ్ల పెరుగు, దాని మీద సపోట. పుల్లటిది ఎయ్యొద్దు, పుండుకు మంట. పెరుగు గుడ్డల కట్టి నీళ్లు వడగొట్టాలె, లేకుంటే మంచు పలుకులు గరగరమంటయ్. నాకేడ ఓపిక, అన్నీ ఒక్కపారే పోస్తి, కలిసి కుడితోలె అయింది. ఒక పొర గట్టిపడ్డాకే ఇంకోటి పొయ్యాలని మీ అత్త చెప్పింది. గిలాస నడుమ పుల్ల గుచ్చాలె, పుల్లలు ఉప్పల్ బజార్ల దొరుకుతయ్. మా చిన్నప్పుడు సైకిలాయన పది పైసలకు పుల్లైసు ఇస్తుండె, అండ్ల వట్టి రంగు నీళ్లే, అయినా ఎంత గుంజుకునేటోళ్లం… ఏం జెప్తున్న?

ఆఁ, పొరలు. “కింద ఏమున్నదో చూడు” అంటే చూద్దామని తినేటోడు, పసిపిల్లగానోలె. పచ్చటి మామిడి అయిపోతే తెల్లది, తెల్లది అయిపోతే సపోట. గట్ల గట్ల మొత్తం తినుడు వచ్చింది. డాక్టరమ్మ బరువు చూసి, పైపు మాట మళ్ల ఎత్తలే.

ఓ పొద్దు పుల్ల పక్కకు పెట్టి, నా దిక్కు చూసి, గొంతు పెకిలించుకోని అన్నడు, “నువ్వు తిన్నవా?”

ఎన్నొద్దులకో నోట్లెకెల్లి వచ్చిన మాట, గదీ నా గురించి. వంటింట్లకు పోయి మస్తు ఏడ్సిన. పొద్దటి సంది నేనేం తినలే బిడ్డా, నాకే యాది లేదు.

ఇప్పుడు నీకు పెండ్లైంది. నగలు, ఇల్లు, అన్నీ అయితయ్, వాటికేం ఫికర్ లేదు. తిన్నవా అని నిన్ను అడిగేటోళ్లు నీ ఇంట్ల ఉండాలె, నూరేండ్లు ఉండాలె బిడ్డా…