అటక ఎక్కి చూశాను

కాదు, నాకు తెలియక అడుగుతాను, ఇల్లు కొనేవాళ్ళ కళ్ళు ఎక్కడుంటాయంటావు? గోడ రంగు మీద! నిన్న ఒకాయన ఫోన్ చేశాడు. సంతకాలన్నీ అయిపోయాయట, ఇప్పుడొచ్చి ఇల్లు బాగుందో లేదో చూసిపెట్టమంటాడు. పెళ్ళయ్యాక పిల్ల గురించి వాకబు చేసినట్టుంది వ్యవహారం. ఏం చెప్పమంటావు అలాంటివాళ్ళకి?

కూర్చో చెల్లీ. పన్నెండింటికి కదా ఆ ఫిర్యాదుల ఆఫీసులో రమ్మంది, ఇంకా తొమ్మిదైనా కాలేదు. ఆ ఫైలు కాసేపు పక్కన పెట్టు. నా రిపోర్టు అన్నిటికంటే పైన పెట్టావా? సరే, ఉండనీ. కానీ బోర్లించి పెట్టు.

బావ ఏడీ? డ్యూటీకి వెళ్ళిపోయాడా? మంచిదే. లేకపోతే నాకు నోరు పెగిలేది కాదు.

కొనేవాళ్ళ తరఫున ఇళ్ళు చూసి లోపాలు చెప్పడం, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని నాది. ఊళ్ళో బ్రోకర్లంతా గోళీగారు అంటారు, నేల మీద గోళీ వదిలి వాలు చూస్తానని. నీ కూతురైతే గోళీ మావయ్య అనే పిలుస్తుంది. నా అసలు పేరు చెప్పమంటే కాసేపు ఆలోచిస్తుందేమో. పని మాత్రం చక్కగా చేశాను ఇన్నాళ్ళూ. కొనేవాళ్ళు ఎవరొచ్చినా ఒకటే పాఠం. గది మొత్తంలో ఒక్క గోడకే కొత్త రంగు ఉందంటే ఆ గోడనే అనుమానించండి బాబూ అంటాను. బీరువా జరిపించి వెనక చెమ్మ ఉందేమో చూసుకోమంటాను. వీలైతే వాన వెలిసిన మర్నాడు వెళ్ళమంటాను, ఆ రోజు ఇల్లు ఏదీ దాచుకోలేదు. బ్రోకరు తెచ్చిన మనిషిని కాదు, మీ మనిషిని మీరు తెచ్చుకోండి అంటాను.

అన్నిటికంటే ముఖ్యంగా ఇంకో మాట చెప్తాను. చూసేవాడి వెనకే ఉండండి. వాడు వంగిన చోట మీరూ వంగండి, వాడు ఎక్కిన చోటికి మీరూ ఎక్కండి. ఎంత తెలిసినవాడైనా సరే, వాడి మాట విని ఊరుకోవద్దంటాను.

మరి ఈ ఇల్లు కొనేముందు చూడటానికి వచ్చినప్పుడు నీకు ఆ మాట చెప్పానా? చెప్పలేదు. నిన్ను వంటింట్లోకి పంపించాను. కుళాయి తిప్పి బకెట్ ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడమన్నాను. గుర్తుందా? నువ్వు బుద్ధిగా చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డావు. మూడు సార్లు నింపమన్నాను కూడా. ఎందుకో చెప్తాను, కాస్త ఆగు.

ఆ గది కప్పు వైపు చూడకు కాసేపు, నాకు ఇబ్బందిగా ఉంది. తెలుసు, ప్లాస్టిక్ గుడ్డ కట్టారు, చూశాను. కిందటి నెల వానకి ఆ చెక్క సీలింగు దూలం ముక్కతో సహా పిల్ల మంచం మీద పడింది. అది అప్పుడే లేచి పళ్ళు తోముకోవడానికి వెళ్ళింది కాబట్టి సరిపోయింది. ఇంకో పది నిమిషాలు పడుకుని ఉంటే? ఆ మాట తల్చుకుంటే ముద్ద దిగడం లేదు నాకు. నీకు చెప్పలేదు, మీ వదినకీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరుగుతున్నాను.

నువ్వేమో ఇల్లు అమ్మిన పంతులమ్మగారి మీద ఫిర్యాదు పెట్టావు. దూలం పుచ్చిపోయిందని తెలిసే దాచిందని. వీధిలో అందరికీ చెప్పావు. ఆవిడ ఇప్పుడు కూరగాయలకి వెళ్ళాలంటే ఈ వీధిలోంచి రాకుండా చుట్టూ తిరిగి వెళ్తోందట. ఇవాళ ఆఫీసులో నన్ను సాక్ష్యం చెప్పమంటున్నావు. నేను ఆ రోజు అన్నీ చూశాననీ, ఆవిడే పుచ్చు పైకి కనపడకుండా చేసి నా దగ్గర కూడా దాచిందనీ చెప్పాలి. ఏం, తప్పా అంటావా? నీ తప్పేం లేదమ్మా. నేను చెప్పిందే నువ్వు నమ్మావు.

రెండేళ్ళ కిందట నేను నిచ్చెన మీంచి పడ్డాను. ఆ, నిజమే. నడుం పట్టేసిందని వారం రోజులు మంచం మీద ఉన్నానే, అప్పుడు. బరువెత్తానని చెప్పాను మీ అందరికీ. నడుం బాగయింది గానీ భయం పోలేదు. మూడో మెట్టు దాటితే కాళ్ళు నా మాట వినడం లేదు, అరచేతులు తడిసిపోతాయి. పనిలో సగం ఎక్కడమే అయినవాడు ఈ సంగతి ఎవరితో చెప్పుకుంటాడు? మేడలైతే ఇబ్బంది లేదు, మెట్లుంటాయి. పెంకుటిళ్ళు వచ్చినప్పుడు ఒంట్లో బాగాలేదనో, వేరే పనుందనో వంక పెట్టి తప్పించుకునేవాణ్ణి.

నీ ఇల్లు ఎలా తప్పించుకోను? అన్నయ్య చూస్తే గానీ కొననని భీష్మించుక్కూర్చున్నావాయె. వాన కూడా ముఖం చాటేసిన కాలం అది. పోనీ నీకైనా చెప్పచ్చుగా, ఇంకొకణ్ణి పిలుచుకోమ్మా, నావల్ల కాదు అని! ఒక్క మాటతో పోయేది. నోరు రాలేదు. చిన్నప్పట్నించీ నిన్ను భుజాలెక్కించుకుని తిప్పినవాణ్ణి, నిచ్చెనంటే భయమని నీతో ఎలా అనను?

పిల్ల గదిలో మూల సీలింగుకి మూత ఉంది కదా, అటకలోకి వెళ్ళేది. పంతులమ్మగారే నిచ్చెన తెచ్చి వేసింది. అప్పుడంది ఆవిడ, "నాయనా, గట్టి వాన పడితే ఈ మూల పైన నీళ్ళ చుక్కల చప్పుడు వినిపిస్తుంది. నాకు ఎక్కడం చేతకాదు. నువ్వు ఆ దూలం బాగా చూసి, ఏముంటే అది ఆ అమ్మాయికి చెప్పు" అని.

విన్నావా? ఆవిడ దాచలేదు. నిచ్చెన కాలు పట్టుకుని మరీ చెప్పింది.

నేను రెండు మెట్లెక్కాను. మూడోదాని మీద కాలు పెట్టాను. అంతే, ఇల్లంతా గిర్రున తిరిగినట్టయింది. నువ్వు వంటింట్లో రెండో బకెట్ నింపుతున్నావు. ఆవిణ్ణి మంచినీళ్ళు తెచ్చిపెట్టమన్నాను. ఆవిడ అటు వెళ్ళగానే దిగిపోయాను. దిగి ఏం చేశానో తెలుసా? చెప్పడానికి సిగ్గుగా ఉంది. కిటికీ పైన దుమ్ము పేరుకుని ఉంటే, చేత్తో తీసి భుజాలకీ జుట్టుకీ రాసుకున్నాను.

నువ్వొచ్చి చూసి నవ్వావు. అటక దుమ్మంతా నువ్వే మోసుకొచ్చావు అన్నయ్యా అంటూ నీ చున్నీతో దులిపావు. నేనూ నవ్వాను. నవ్వానమ్మా, నిజంగా!

వెళ్ళేటప్పుడు, నువ్వు ముందు రోడ్డెక్కాక, గేటు దగ్గర ఆవిడ మళ్ళీ అడిగింది, ఆ మూల చూశావా నాయనా అని. చూశానమ్మా, దూలం రాయిలా ఉంది, మీరు విన్నది ఎలకల చప్పుడై ఉంటుంది అన్నాను. పాపం, ఎంత సంతోషపడిందో! ఇన్నాళ్ళూ దిగులుపడ్డాను, పిల్లలున్న ఇంటికి ఇస్తున్నాను కదా అంది.

ఇంటికొచ్చి రిపోర్టు రాశాను. లోపాలు పద్నాలుగు పట్టాను. స్నానాల గది వాలు, కిటికీ మడతబందులు, వంటింటి స్విచ్చి, ఏదీ వదల్లేదు. అంత పనితనం నా జన్మలో చూపించలేదు. వాటి మధ్యలో ఒక్క ముక్క రాశాను, అటక ఎక్కి చూశాను, దూలాలు గట్టిగా ఉన్నాయి అని. నువ్వు రిపోర్టు చదివి, మా అన్నయ్య కళ్ళు తప్పించుకుని చీమ కూడా పోలేదని బావతో గొప్పలు పోయావు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, నువ్వేం పట్టుకుంటావు?

తిట్టు పోనీ. ఇంత ఇంత కళ్ళేసుకుని అలా చూడకు.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటావా? మంచితనం ముంచుకొచ్చి కాదు, భ్రమపడకు. నిన్న పొద్దుటిదాకా సాక్ష్యం చెప్పేద్దామనే ఉన్నాను. నా పేరు పోతే నాకు పని లేదు, నీ దగ్గర ముఖమూ చెల్లదు. పంతులమ్మ పరాయిది కదా అనుకున్నాను. అలా అనుకున్నానే తల్లీ, అబద్ధం ఎందుకు.

నిన్న సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. దెబ్బలాడటానికి వచ్చిందేమోనని నేను గట్టిగా మాట్లాడటానికి సిద్ధమయ్యాను. ఆవిడ మెల్లిగా అడిగింది.

"నాయనా, ఆ మూల చప్పుడు సంగతి నీకు చెప్పినట్టే గుర్తు నాకు. కానీ చెప్పి ఉంటే నువ్వు అలా రాయవు కదా. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నాను. చెప్పానా, చెప్పలేదా? నువ్వేదంటే అదే ఆఫీసులో ఒప్పుకుంటాను."

చెప్పలేదమ్మా అన్నాను.

అయితే నాకు మతి పోతున్నట్టే ఉంది అంది. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, నా గుమ్మంలో నిలబడి ఆ మాట అంది. మతిమరుపుకి చూసే డాక్టరు ఎవరైనా తెలుసా నాయనా అని అడిగింది.

అడ్రసు రాసిచ్చాను. అవును చెల్లీ, కాగితం తెచ్చి, ఆవిడకి కనపడేలా పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. చదువుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళింది.

పదింటికి డాక్టరు దగ్గరికి వెళ్తానంది. ఆఫీసు సంగతి తర్వాత, ముందు అక్కడికి వెళ్దాం పద. నువ్వు కూడా రావాలి. ఒక్కణ్ణే వెళ్తే, ఆవిడ ముఖం చూసి మళ్ళీ ఏదో ఒక అబద్ధం చెప్పి వచ్చేస్తాను.