భార్య ఇండియాలో ఉందట!

వద్దులెండి, ఆ శాలువా తియ్యకండి. తెలుగు సంఘం ప్రెసిడెంటు గారు ఈ నైఫ్ బజార్లో ఒక పనిమనిషి పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చున్నారంటే, శాలువా అయినా ఉండాలి మర్యాదకి.

టీ తాగండి, చల్లారిపోతోంది.

ఏమన్నాడండీ ఆ మైకు పట్టుకున్నాయన? “సతీసమేతంగా సన్మానించాలని మా కోరిక. కానీ ప్రసన్నకుమార్ గారి శ్రీమతి ఇండియాలో టీచరు!” టీచరంట! టెన్త్ తప్పినదాన్ని, ఒక్క మాటతో టీచర్ని చేసేశారు. మీరేమో తలూపారు. ఎంత బాగా ఊపారో! చివరి వరసలో నేనున్నానని తెలీదా? మరి నన్ను చూసి ఆ చెమటెందుకు తుడుచుకున్నారు? ఏసీ హాలది.

నేనేమో నీలం చీర కట్టుకుని... పైకి పిలుస్తారేమో, కాలు తడబడకూడదని అద్దం ముందు నడిచి కూడా చూసుకున్నా. నవ్వండి, నవ్వండి.

నేను పనిచేసే ఇంటి మేడమ్ కూతురు అక్షయ లేదూ, వాళ్ల అమెరికన్ స్కూల్లో నాటకం వేస్తోంది. పాతకాలపు అమెరికా నాయకుడి భార్య వేషం. అబిగెయిలట ఆవిడ పేరు. నేను అబిగేలమ్మ అంటాను. ఇంట్లో ప్రాక్టీసుకి మొగుడి వేషం నాదే. కష్టమేం లేదండీ, సోఫాలో కూర్చుని పలక్కుండా ఉండటమే. మిమ్మల్ని తల్చుకున్నా, వచ్చేసింది.

ఆయన దేశాన్ని తయారుచెయ్యడానికి ఊళ్లు పట్టుకు తిరిగాడట. ఈవిడ పొలం చూసుకుంది, పిల్లల్ని చదివించింది, యుద్ధమొస్తే ఇంట్లో చెంచాలు కరిగించి తూటాలకిచ్చిందట! చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లనీ కాస్త తల్చుకోమని ఉత్తరం రాస్తే ఆయన నవ్వేశాడట. ఎంత నవ్వినా, ఈవిడే నా పెళ్లామని చెప్పుకోడానికి మాత్రం సిగ్గుపడలేదు మహానుభావుడు.

మీదీ సేవే, కాదన్నానా? ముసఫ్ఫా లేబర్ క్యాంపుల్లో మనవాళ్లెవరికి జీతం ఆగినా మీరే, ఎవరి శవం ఊరికి పంపాలన్నా మీరే. కరోనాలో గదుల్లో చిక్కుకున్నవాళ్లకి బియ్యం బస్తాలు మోశారని విని కాదూ నేను మిమ్మల్ని చేసుకుంది! అబ్బ, సినిమా హీరో అనుకున్నా. అమ్మ పెట్టిన గొలుసు కూడా ఆ శవాల ఖర్చుకే కదా ఇచ్చేశాను. చెంచాలకంటే తక్కువేం కాదండోయ్.

సన్మానం అయ్యాక మీ కమిటీ ఉమాదేవి గారు నా దగ్గరికొచ్చి, “అమ్మాయ్, కాస్త వడ్డిస్తావా?” అన్నారు. నా మొహం చూస్తే అదే గుర్తొస్తుంది కాబోలు. వడ్డించానండీ. ఆయ్, మీ ప్లేట్లో గారె వేసింది నేనే. “చాలమ్మా” అన్నారు మీరు. అమ్మా!

ఏంటీ? టైం చూసి చెబుతారా? ఎప్పుడు చెబుతారు? ఇంకా పెద్ద పదవి వచ్చాకా? అప్పటికి నన్ను కలెక్టర్ని చేసేస్తారేమో!

ఫోన్ మోగుతోంది, ఎత్తండి. పాపం ఎవరి కష్టమో. యల్లా, బయల్దేరండి.

ఒక్క మాట విని వెళ్లండి. మీరు తలూపగానే హాలంతా చప్పట్లు కదా... మొదలుపెట్టింది నేనే. స్టేజీ మీద ఎంత బాగున్నారో అనుకుంటూ కొట్టేశాను. మీరు లేదన్నది నన్నేనని అర్థమయ్యాక కూడా ఆపలేదండీ.