సగం మాటల దెబ్బ

మార్కాపురం మాలకొండయ్యకు పలకల ఫ్యాక్టరీ ఉంది. పలకలకు కొదవ లేదు, పలుకులకు అసలే లేదు. మనవరాలు ప్రియాంక నర్సింగ్ దరఖాస్తు ఐదింటిలోగా కాలేజీ సైటుకు చేరాలి. సైటేమో తెరుచుకోవడం లేదు. అందుకే కాలేజీ కంప్యూటర్లు చూసే సుచరిత ఎదుట పొద్దున్నుంచీ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ట్రాఫిక్ మేనేజర్ పడిపోయింది పెదనాయనా."

"ఎవరు, బస్టాండు కాడి ఎస్సైనా?"

"సాఫ్ట్‌వేర్. సైటుకొచ్చే జనాన్ని వరసలో పంపే కాపలా."

"పడగొట్టినోడు బలమైనోడే."

"బలమేం లేదు. 'ఒక మాట' అని మొదలుపెట్టి ఆగుతాడు. మిగతా మాట కోసం ఇది కాచుకుంటాది. అట్లాంటి సగం మాటలు వేలకు వేలు పంపినాడు. ఇక ప్రియాంకను పలకరించే తీరిక దీనికేదీ?"

మాలకొండయ్య నోరు తెరిచినాడు.

"నలభై ఏండ్లు రాయి కొట్టినా. ప్రతి రాయికీ సుత్తి కావాల్సొచ్చె. వీడు ఊరకే నిలబడి కోట కూల్చినాడే. మందు లేదా?"

"ఎంతసేపు కాచుకోవాలో దీనికి తెలీదు, అదే లోపం. సరిచేసే ప్యాచ్ పదకొండుకే వచ్చింది. పావుగంట పని."

"రెండయిందే. మరి ఎక్కించలేదేంది?"

సుచరిత తల వంచుకుంది. "పదకొండుకే మీరొచ్చి, 'ఒక మాట తల్లీ' అన్నారు. పలకరాయి గని కాడ మొదలుపెట్టి, యర్రగొండపాలెం పెండ్లి దాకా వచ్చినారు. పెద్దోళ్ల మాట మధ్యలో తెంచేదెట్ల?"

"అంటే మూడు గంటలు కాలేజీని ఆపింది నేనా? ఒంటిగానా?" అన్నాడాయన, తన నోటిని తానే తడిమి చూసుకుంటూ.

జవాబు కోసం ఆగకుండా కుర్చీ ఎత్తుకుని బయటికి నడిచినాడు. రెండున్నరకు ప్రియాంక దరఖాస్తు చేరింది.