ఆవకాయ రంగు కవరు

అమెరికాలోని పార్సిప్పనీలో, వసుమతి గారింటి వెనక చెక్క డెక్ మీద తెలుగు సంఘం ఉగాది సావనీర్ మీటింగ్. ఈ ఏడాది కవరు డిజైన్ ఎవరికివ్వాలో తేల్చాలి. ఆ పని తనకే రావాలని భీమశంకరం గారికి మహా కోరిక. అందుకే టీ కప్పు చేతికి రాగానే, పక్కన కూర్చున్న కుర్రాడు ఫణితో మొదలుపెట్టారు.

“రంగులు కలపడమంటే మాటలనుకున్నావా ఫణీ? నాలుగు ఇంకులు చుక్కలు చుక్కలుగా పడి మన కళ్లని మోసం చేస్తే ప్రాసెస్ రంగు, ముందే కలిపేసి డబ్బాలో తెస్తే స్పాట్ రంగు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండింటికీ పెళ్లి చేసినవాణ్ణి న్యూజెర్సీ మొత్తానికి నేనొక్కణ్ణే! రెండువేల ఆరులో మన కవరు మీద ఆవకాయ జాడీ వేశానా, స్పాట్ ఎరుపు పోశానా, దాంట్లో ప్రాసెస్ పసుపు తగిలించి, నలుపు చిటికెడు వేశానా, ఏమైందో తెలుసా? మానిటర్ మీద నూనె తేలింది!”

“తుడిచారా గురూగారూ?” అన్నాడు ఫణి.

“తుడవడమేంటయ్యా, వేడన్నం తెచ్చుకున్నా! అక్కడితో ఆగిందా? ఫైలు పంపిస్తే ప్రెస్ ఓనర్ గ్యారీ ఈమెయిల్ ఓపెన్ చేస్తూనే తుమ్మాడు. ప్రింటింగ్ మొదలెట్టాక మెషీనే తుమ్మింది, తుమ్ముకో కట్ట బయటపడింది! ఆ ఘాటు రూట్ ఎయిటీ హైవే దాకా పాకితే, కార్లన్నీ ఎండలో వైపర్లు వేసుకున్నాయి. ఫైరింజన్ వచ్చింది. వాళ్లు పైపు అవతల పడేసి, ‘అన్నం ఉందా?’ అన్నారు.”

“తెలుగులోనా?”

“కారం తగిలితే అన్ని భాషలూ అవే వస్తాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోంగూర రంగు కలిపా, మాగాయ కలిపా, చింతకాయ కలిపా, దేని పేరు దానికే పెట్టా. వెనక కవరు మీద గోంగూర చూసి జింకలు అడవి వదిలి మన పండగ జరిగే క్లబ్‌హౌస్‌కి వచ్చేశాయి. జనం సావనీర్ చదవలేదయ్యా, నంజుకున్నారు! మల్లికార్జునరావు డాక్టర్ గారైతే బీపీ పేషెంట్లని ముట్టుకోవద్దన్నారు, ఉప్పు ఎక్కువని!”

అందరూ పగలబడి నవ్వారు. వసుమతి గారు పకోడీల పళ్లెం బల్ల మీద పెట్టారు.

“భీమశంకరం గారూ, ఆ ఏడాది సావనీర్ చూసుకున్నది నేనే. మీరు ఊరగాయకో పేరు పెట్టి, ప్రతిదాన్నీ విడి స్పాట్ రంగని సేవ్ చేశారు. స్పాట్ రంగుకో అచ్చు ప్లేటు, ఓ డబ్బా ఇంకు కావాలి కదా. పాపం గ్యారీ నాకు ఫోన్ చేసి, ‘మేడమ్, గోంగూర అనే ఇంకు ఊరంతా వెతికాను, ఎక్కడా లేదు’ అన్నాడు. టైమ్ లేక, మొత్తం నల్ల ఇంకుతో కొట్టేయమన్నాను. మీ ఆవకాయ జాడీ బొగ్గుల కుంపటిలా వచ్చింది.”

భీమశంకరం గారు చల్లారిన టీ ఓ గుక్క తాగారు.

“అయితే ఈసారి కవరు?” అన్నారు, గొంతు బాగా తగ్గించి.

“మన లక్ష్మీప్రియ చేస్తుంది. మీకు పండగ భోజనాల్లో పెరుగన్నం కలిపే పని ఇచ్చాం. దానికి ఏ రంగూ అక్కర్లేదు.”