గేదెని గట్టెక్కించిన బొంత

బుల్లెమ్మంటే మా గోదారి లంకలో ఎవరనుకున్నారు? ఎవరూ రూపాయి ఇవ్వకపోయినా ఊరందరి గొడ్లకీ తనే దిక్కనుకునే మనిషి. ఎందుకలా అయిందంటే, మునుపొచ్చిన వరదలో దాని పాడిగేదె పోయింది. అప్పుడేమైందంటే, పడవలోళ్ళొచ్చి ఆడోళ్ళనీ పిల్లల్నీ ముందెక్కించుకు పోయేరు. గొడ్లని ఏటిగట్టు మీదకి తోలే పని మొగోళ్ళ మీద పడింది. మొగోళ్ళ మాట గేదెలు వింటాయా? రోజూ కుడితి పెట్టేది ఆడది, పాలు పిండేది ఆడది. ఈళ్ళు తాడిప్పి కర్రెత్తేసరికి, గిర్రున తిరిగి మళ్ళీ పాకలోకే పోయాయంట, ఆ నీళ్ళలోకే. బుల్లెమ్మ గేదె అలాగే పోయింది. కడుపారా ఏడ్చింది బుల్లెమ్మ. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, కొంగు బొడ్లో దోపి, ఇంకో గేదెని ఇలా పోనివ్వనంది.

అందర్నీ రామాలయం కాడ కూకోబెట్టి చెప్పిందంట. గట్టు మీద గడ్డి ముందే వేసుకోవాలి, తాడు ఒక్క లాగుకి ఊడేలా ముడెయ్యాలి అంది. బానే ఉంది, అన్నారు. ఇంకోటుంది, వరదొస్తే మొగోళ్ళంతా పెళ్ళాల చీరలు కట్టుకుని గొడ్లని తోలాలి, ఉతికినవి కాదు, పాలు పిండేప్పుడు కట్టేవి, ఆ వాసనకే గేదె వెనకాలొస్తది అంది. ఇంకేముంది, ఆడోళ్ళు పడీ పడీ నవ్వేరు. ఒరే, మీరు నవ్వకండ్రా, కట్టింది మీ తాతలే! ఓ ఆదివారం కట్టించి చూసింది కూడాను. కుచ్చిళ్ళు జారిపోతంటే పళ్ళతో పట్టుకుని, గొంతు సన్నం చేసి "దా అమ్మా, దా" అంటా మొగోళ్ళు ముందు నడుస్తంటే, గేదెలు బుద్ధిగా వెనకాల గట్టెక్కేసేయి. ఎక్కనిదల్లా వీర్రాజు గేదె. ఎందుకంటే వీర్రాజు చీర కట్టలేదు. "నా గేదె నా కేకకే లేస్తది, చీరేంటే బుల్లెమ్మా, నా మీసం చూసేవా?" అన్నాడంట. "చూసేను బావా, నేను కాదు, నీ గేదె చూడాలి" అంది బుల్లెమ్మ.

ఇదిలా ఉండగా ఏమైందంటే, వీర్రాజు పెళ్ళాం అచ్చాయమ్మ కూతురి పురిటికని మండపేట ఎల్లింది. అదే అదునని గోదారి వొచ్చేసింది. పొద్దున్నే మొగోళ్ళంతా రంగురంగుల చీరల్లో గొడ్లని తోలుకుని గట్టెక్కేసేరు. వీర్రాజు గేదె మాత్రం పాకలో కూకుంది. చూడిది అది, నెలలు నిండిపోయినియ్యి. అచ్చాయమ్మ దాన్ని దూడప్పట్నించీ ఒళ్ళో పెట్టుకు పెంచింది. అదిలించేడు, లేవలేదు. బతిమాలేడు, లేవలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వొచ్చేసినియ్యి. అప్పుడు మీసం గీసం మర్చిపోయి, ఇంట్లోకి పరిగెత్తి, ట్రంకుపెట్టెలోంచి అచ్చాయమ్మ చీర లాగి చుట్టుకొచ్చేడు. అదేమో కలరా ఉండలు వేసి దాచిన పట్టుచీర. గేదె ఒకసారి వాసన చూసి, ఫట్టుమని మొహం మీద తుమ్మి, తల తిప్పేసుకుంది. పాలు పిండే చీరేదిరా అంటే ఎక్కడుంది? కనపడితే కదా! అంత మనిషీ గేదె మెడ పట్టుకుని ఏడ్చేడంట. "నువ్వూ నీ కడుపులోదీ పోతే, అచ్చాయమ్మకి నా మొహం ఎలా చూపించనే" అని. వానకి ఒళ్ళు వణికిపోతంటే, మంచం మీద బొంత లాక్కొచ్చి తలమీదుగా కప్పుకున్నాడనుకో, గేదె ఠపీమని లేచి నిలబడింది!

ఏంటా అనుకుంటన్నారా? ఆ బొంత అచ్చాయమ్మ కుట్టిందే. పాకలో కట్టి కట్టి చిరిగిపోయిన చీరలన్నీ పొరలు పొరలుగా వేసి కుట్టింది. ఈయనగారు ఏళ్ళ తరబడి ఆ చీరల మీదే పడుకుని, చీర కట్టనంటే కట్టనన్నాడు! గేదె బొంత అంచు నోట పట్టుకుంది. ఈయన నడిస్తే అది నడుస్తంది, బొంత కొంచెం జారితే ఆగిపోతంది. ఇంక చేసేదేముంది, కొత్త పెళ్ళికూతుర్లా తలమీద ముసుగేసుకుని, "దా తల్లీ, దా బంగారం" అని సన్నటి గొంతుతో పిలుస్తా, నడుంలోతు నీళ్ళలో నడిచేడు. పడవెక్కకుండా గట్టు మీదే ఉండిపోయిన బుల్లెమ్మ అది చూసి "అచ్చాయమ్మొచ్చేసిందిరోయ్!" అని కేకేసింది. చీరలు కట్టిన మొగోళ్ళంతా ఎదురెళ్ళి పట్టుకు లాగేరు. ఎక్కీ ఎక్కగానే గేదె అక్కడే ఈనేసింది. తల్లీ బిడ్డా క్షేమం. బుల్లెమ్మ ఆ దూడని ఒళ్ళోకి లాక్కుని నవ్వుతా ఏడుస్తా ఉంటే, గట్టు మీదోళ్ళకీ నవ్వాలో ఏడవాలో తెలీలేదంట.

వరద తీసేక అచ్చాయమ్మ పరిగెత్తుకొచ్చి చెంబు పట్టుకుని కూకుందిరా. గేదె పాలు చేపితేగా! ఫెడీమని చెంబుని తన్నేసింది. తనని గట్టెక్కించిన బొంత మనిషే కావాలంట దానికి. బొంత కప్పుకుని ఈయనొచ్చి కూకుంటే మాత్రం ధారలే ధారలు. ఇప్పుడు రోహిణి ఎండల్లో కూడా అంతే, నమ్మకపోతే తెల్లారగట్ల ఎల్లి చూడండి. ఊరంతా ఉడికిపోతంటే వీర్రాజు బొంతలో చెమటలు కక్కుతా పాలు పిండుతంటాడు, అచ్చాయమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని, విసనకర్రతో విసురుకుంటా, "ఏవండీ, అయ్యాయా? కాఫీకి ఆలస్యమైపోతంది" అంటంది.