నవమి నాడు తీసిన సమ్మెట

నా పేరు సుంకమ్మ. నా భర్త పేరు తిప్పయ్య. నా వయసు ముప్పై దాటింది. కరువు ఏట పుట్టానని మా అమ్మ చెప్పేది, ఏ కరువో చెప్పలేదు. మా సీమలో ఆ గుర్తు పట్టుకుని వయసు లెక్క కట్టలేం. సోమందేపల్లె దాటినాక పెద్ద రోడ్డు పక్కన ఉన్న సావుకారి ఓబుళేసు గారి వేరుశనగ మిల్లులో కాయలు చెరిగే పని నాది. అంతకు ముందు కరువు పనుల్లో రోడ్డుకు కంకర కొట్టాను. సావుకారి నా మీద పెట్టిన కేసు గురించి మేజిస్ట్రేటు గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను.

సావుకారి కంప్లైంటు నాకు చదివి వినిపించారు. మహానవమి పూజలో ఉన్న సమ్మెటను దొంగిలించానట. పూజ చెడగొట్టానట. అదే సమ్మెటతో సావుకారి నెత్తి మీద కొట్టానట. సమ్మెట తీసిన మాట నిజం. పూజ చెడిందో లేదో దేవుడు చూసుకుంటాడు. నెత్తి మీద కొట్టిన మాట మాత్రం పచ్చి అబద్ధం. నేను కంకర కొట్టినదాన్ని. నేను కొట్టి ఉంటే ఆయన ఈ రోజు ఆ బెంచీ మీద కూర్చుని నా వైపు చూసేవాడు కాదు.

సావుకారి లారీ పాతది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు అమ్మేస్తే కొన్నాడు. నవమికి పూజ చేయాలని సప్తమి నాడు దాన్ని కడిగించాడు. ఈ ఏడు మిల్లు బావిలో నీళ్ళు అడుగంటాయి. పనివాళ్ళ ఇళ్ళకు పూటకు ఒక్క బిందె అని సావుకారే కట్టడి పెట్టాడు. లారీకి మాత్రం కట్టడి లేదు. చక్రాల లోపలి మన్ను పోయేదాకా కడిగారు. ఆ నీళ్ళు మోసిన ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. నా ఇంట్లో ఆ పూట అన్నం వార్చడానికి నీళ్ళు చాలలేదు. కడగడం అయ్యాక డ్రైవరు కుళ్ళాయప్ప లారీని గేటు వైపు తిప్పి నిలబెట్టాడు. ఆ చోటు వాలుగా ఉంటుంది కాబట్టి హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి పెట్టాడు. తడి ఆరకముందే లాగాడు. మళ్ళీ నవమి దాకా ఆ లారీని ఎవరూ కదిలించలేదు.

నవమి పొద్దున మిల్లు లోపల పలకల మీద పనిముట్లన్నీ పెట్టి పూజ చేశారు. సమ్మెట, సుత్తులు, పానాలు, జాకీ, గడ్డపారలు అన్నీ పెట్టారు. వాటికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది నేనే. బావి గిలకను, మోకును కూడా విప్పి తెచ్చి అక్కడే పెట్టారు. పూజ అయితే మరునాడు ఉద్వాసన చెప్పేదాకా వాటిని ముట్టుకోకూడదు. ఇది మా వైపు అందరూ పాటించేదే. నేనూ పాటిస్తాను. మా ఇంట్లో కొడవలి కూడా ఆ రోజు పసుపు పూసుకుని గూట్లో కూర్చుంది.

పూజకు వచ్చిన వాళ్ళకు భోజనాలు పెట్టాలి. నీళ్ళు కావాలి. గిలక పూజలో ఉంది. అప్పుడు సావుకారి నా భర్తను పిలిచి, "తిప్పయ్యా, మెట్లమీంద దిగి నాలుగు బిందెలు తెచ్చెయ్యప్పా" అన్నాడు. గిలకకు సెలవు. మోకుకు సెలవు. నా భర్తకు లేదు.

ఎండాకాలంలో ఆ బావిని తూటాలు పెట్టి లోతు చేశారు. అప్పటినుంచి దాని కట్టురాళ్ళు వదులయ్యాయి. మిల్లు గడియారంలో పదిన్నర అవుతుండగా నా భర్త బిందె భుజాన పెట్టుకుని ఎక్కుతున్నాడు. పైనున్న రాయి జారి ఆయన ఎడమ కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. అంత రక్తంలో ఆ ఎముక అంత తెల్లగా ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మగవాళ్ళు పంచెలు ముడివేసి ఆయన్ను పైకి తెచ్చారు. నా చీర కొంగు చించి కాలికి కట్టాను. కట్టిన గుడ్డ కట్టినట్టే తడిసిపోయింది.

హిందూపురం ఆసుపత్రికి లారీలో తీసుకుపొమ్మని సావుకారే అన్నాడు. ఆ మాట దాచను. తన చేత్తోనే గోనెసంచులు పరిచాడు. నా భర్తను వాటి మీద పడుకోబెట్టాం. కుళ్ళాయప్ప ఎక్కి హ్యాండ్ బ్రేకు కిందికి వదిలి గేరు వేశాడు. ఇంజను గట్టిగా అరిచి ఆగిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆగిపోయింది. పూజ చేసిన లారీని చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల మీదుగా నడపడం ఆచారమే, వాటిలో ఒక్కటి కూడా పగలలేదు. అతను దిగి లారీ కిందికి దూరాడు.

"ఏమప్పా కుళ్ళాయప్పా, ఏమాయె?" అని అడిగాను.

"హ్యాండ్ బ్రేకు పట్టేసుకున్నాది అక్కా. కడిగిన తడిమీంద లాగిపెట్టినా. లోపల తుప్పుకు బ్రేకు పట్టీలు చక్రం డ్రమ్ముకు కరుచుకున్నాయి. ఈడ కడ్డీ వదిలినా ఆడ వదల్లేదు."

"వదలాలంటే ఏం జెయ్యాల?"

"సమ్మెటతో డ్రమ్ముమీంద దెబ్బలు పడాల. అప్పుడే వదులుతాది."

చెప్పాడే గానీ లేచి పోలేదు. సావుకారి మొహం చూశాడు. సావుకారి, "ముందు తోసి చూడండ్రా" అన్నాడు. తోశారు. సావుకారి కూడా భుజం పెట్టాడు. లారీ మూలిగింది కానీ కదలలేదు. కుళ్ళాయప్ప వెనక్కు గేరు వేసి చూశాడు. కదలలేదు. కిందికి దూరి రాయితో కొట్టాడు. వెనక వైపు రెండేసి చక్రాల మధ్య ఆ డ్రమ్ము లోపలికి ఉంటుంది. చేతిలో పట్టే రాయికి బరువు చాలదు, బరువున్న రాయికి చోటు చాలదు. ఒక రాయి పగిలి పెచ్చు అతని కంటి పక్కన తగిలింది. బస్సు పొద్దున్నే వెళ్ళిపోయింది, మళ్ళీ సాయంత్రమే. ఎద్దుల బండి కడితే హిందూపురం చేరేసరికి పొద్దు వాలుతుంది. ఊళ్ళో కమ్మరి దగ్గరికి పోయిన మనిషి వట్టి చేతులతో వచ్చాడు. ఆయన సమ్మెట కూడా పూజలోనే ఉందట.

అప్పుడు నేనే సావుకారిని అడిగాను.

"సావుకారీ, లోపల సమ్మెట ఉండాది. ఇప్పియ్యి."

"అది పూజలో ఉండాది గదే సుంకమ్మా. రేపు పొద్దున ఉద్వాసన చెప్పినంకనే ముట్టుకోవాల. ఈ పొద్దు ఇనుము కదిలిస్తే ఏడాదంతా మిల్లులో రక్తం కారుతాది."

"రక్తం ఇప్పుడే కారుతాండాది. లారీ పలకల సందులోనించి కారుతాండాది, వంగి చూడు."

"నీకు తెల్దు. నా తమ్ముడు నవమి నాడు పానా ముట్టుకున్నాడు. నెల తిరక్కముందే వాని వేళ్ళు మిషన్లో పోయినాయి. నాకు తెలుసు ఆ బాధ."

ఆయన తమ్ముడి వేళ్ళు పోయిన మాట నిజమే. ఆ రోజు నేనూ మిల్లులో ఉన్నాను. సావుకారి భయం దొంగ భయం కాదు. అయినా నాకు కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. రేపు ఎవరికో పోబోయే వేళ్ళ కోసం ఈ రోజు నా భర్త ప్రాణం ఆగాలా? ఆ భయం ఆయన బావి దగ్గర పడి ఉండాల్సింది. వదులైన రాళ్ళ మీదికి మనిషిని దింపేటప్పుడు పడి ఉండాల్సింది.

ఇంతలో లారీ మీదినుంచి నా భర్త పిలిచాడు. ఆయన పెదవులు బూడిద రంగుకు వచ్చాయి.

"సుంకీ, పండగ పూట సావుకారితో గొడవెందుకులే. రేపు పోదాం" అన్నాడు.

అయ్యా, ఈ మాట తప్పకుండా రాయించండి. సావుకారి మాటలకు వచ్చిన కోపం కంటే నా భర్త మాటకు నాకు ఎక్కువ కోపం వచ్చింది. చచ్చిపోతున్న మనిషి సావుకారికి ఇబ్బంది అవుతుందని చూస్తున్నాడు. ఇన్నేళ్ళు ఆ మిల్లులో మూటలు మోసి మోసి ఆయన నేర్చుకున్నది ఇదా అనిపించింది. "నువ్వు నోరు మూసుకుని పండుకో" అని అరిచాను. పెళ్ళయినప్పటినుంచి నేను ఆయన్ను అట్లా అన్నది అదే మొదటిసారి.

నేను మిల్లు వైపు నడిచాను. సావుకారి నా కంటే ముందు పరుగెత్తి గడపలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. పక్కకు జరగమన్నాను. జరగలేదు. మళ్ళీ అడిగాను. జరగలేదు. ఆయన చంక కింద దూరి లోపలికి పోయాను. నన్ను పట్టుకోవాలని గిరుక్కున తిరిగేసరికి, దిష్టికి కొట్టిన గుమ్మడికాయ ముక్క మీద ఆయన కాలు పడింది. వెల్లకిలా పడ్డాడు. ఆయన నెత్తికీ చొక్కాకూ అయిన ఎరుపు గుమ్మడికాయలో పోసిన కుంకుమ నీళ్ళది. రక్తం కాదు. రక్తం ఎట్లా ఉంటుందో ఆ రోజు నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సమ్మెట తీసుకున్నాను. తీసేముందు కళ్ళకు అద్దుకున్నాను. దీన్ని కూడా ఎవరూ కంప్లైంటులో రాయలేదు.

కుళ్ళాయప్ప సమ్మెటను చూసి రెండడుగులు వెనక్కు వేశాడు. "నేను ముట్టుకోను అక్కా. కొలువు పోతాది. పిల్లోళ్ళు గలవాణ్ణి" అన్నాడు. "నువ్వు ముట్టుకోవద్దులేప్పా. యాడ కొట్టాల్నో చూపిచ్చు, చాలు" అన్నాను. అతను చక్రాల ముందర రాళ్ళు అడ్డం పెట్టి, వేలితో డ్రమ్ము అంచు చూపించాడు. నేను లారీ వెనకనుంచి కిందికి దూరాను. మోకాళ్ళ మీద కూర్చుని పక్కవాటుగా కొట్టాలి. కంకర కొట్టేటప్పుడు ఇంకా ఇరుకు చోట్లలో కొట్టాం. మొదటి దెబ్బలకు మోత తప్ప ఏమీ లేదు. తర్వాత ఎండిన కొమ్మ విరిగినట్టు లోపల టప్పుమని వదిలింది. ఎర్రటి తుప్పు నా మొహం మీద రాలింది. రెండో పక్కకు పాకి అదీ కొట్టాను. అది ఇంకా మొండిది. కొడుతున్నంతసేపూ నా వీపు మీద చుక్కలు పడుతూనే ఉన్నాయి. నీళ్ళో, నూనో, నా భర్త రక్తమో చూసుకోలేదు. అదీ వదిలింది. నేను బయటికి వచ్చాక కుళ్ళాయప్ప రాళ్ళు తీశాడు. వాలులో లారీ దానంతటదే కదిలితే, అతను పరుగెత్తి ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు. అప్పుడు మిల్లు గడియారంలో పన్నెండు. పదిన్నరకు పడిన మనిషిని పన్నెండు దాకా ఒక హ్యాండ్ బ్రేకు ఆపింది. హ్యాండ్ బ్రేకేనా ఆపింది? అది దెబ్బలు పడగానే వదిలింది గదా.

సమ్మెట నా చేతిలోనే ఉండిపోయింది. దొంగిలించానంటున్నది ఇదే. నడుస్తున్న లారీ వెనక పరుగెత్తి ఎక్కేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఆసుపత్రిలో బెంచీ కింద పెట్టాను.

డాక్టరు గారు నా భర్త కాలు మోకాలి పైదాకా తీసేశారు. తొందరగా తెచ్చి ఉంటే కాలు దక్కేదా అని అడిగాను. చెప్పలేనన్నారు. ఇంకా ఆలస్యమై ఉంటే మనిషి దక్కేవాడా అని అడిగాను. దక్కేవాడు కాదని చెప్పారు. కుళ్ళాయప్పను సావుకారి కొలువు నుంచి తీసేశాడు. సమ్మెట ముట్టుకోకపోయినా తీసేశాడు.

అదే రోజు సాయంత్రం, నవమి ఇంకా పోలేదు, పోలీసు కానిస్టేబులు ఆసుపత్రికి వచ్చాడు. నా భర్తకు ఇంకా తెలివి రాలేదు. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాను. కానిస్టేబులు లాఠీతో నా భుజం మీద పొడిచి, "లెయ్, దొంగదానా" అన్నాడు. ఆ లాఠీకి పసుపు పూసి ఉంది. మూడు కుంకుమ బొట్లు ఉన్నాయి. పొద్దున స్టేషన్లో వాళ్ళూ పూజ చేసుకున్నారు.

"ఏమప్పా, మీ స్టేషన్లో అప్పుడే ఉద్వాసన అయిపోయిందా?" అని అడిగాను.

అతను లాఠీ చూసుకున్నాడు. బొటనవేలితో ఒక బొట్టు తుడిచాడు. "గవర్నమెంటు పని ఆగదు" అన్నాడు.

"మా ఇంటాయన రక్తం మాత్రం తెల్లారేదాకా ఆగాల్నా?" అన్నాను. అతను బెంచీ కిందనుంచి సమ్మెట తీసి నన్ను పట్టుకుపోయాడు. నా భర్త కళ్ళు తెరిచినప్పుడు, కాలు లేదని చెప్పడానికి ఆయన పక్కన నేను లేను. ఎవరో ఆయా చెప్పిందట.

ఈ చెప్పినదంతా నేను చూసిందీ, చేసిందీ. ఇందులో కల్పించింది లేదు, దాచింది లేదు. ఇది రాసుకున్న కోర్టు గుమాస్తా గారు నాకు తెలుగులో చదివి వినిపించారు. పూజలో ఉన్న సమ్మెటను "తెలియక తీశాను" అని ఒకచోట రాసి ఉంది. అట్లా అంటే జరిమానాతో పోతుందని నా తరపు ప్లీడరు గారు చెప్పారట. నేను ఆ మాట కొట్టేయించాను. తెలిసే తీశాను. అట్లా దిద్దిన తర్వాతనే వేలిముద్ర వేస్తున్నాను.

తిప్పయ్య భార్య సుంకమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర.